ఎత్తి పోసిన నీళ్లు

మా గల్లీలో ఆమెను అందరూ చర్చవ్వ అనేవాళ్లు. రేషన్ కార్డులో ఒక పేరు, బాప్తిస్మంలో పెట్టిన పేరు ఇంకొకటి, పుట్టిన ఊళ్లో పిలిచేది మూడోది. మాకు ఆ మూడింటితోనూ పని పడలేదు. పింఛను డబ్బులు తెచ్చే పోస్టుమన్ కూడా గల్లీ మొదట్లోనే సైకిల్ దిగి "చర్చవ్వా" అని కేకేసేవాడు. ఆ అసలు పేర్లు నేనిక్కడ కూడా రాయను. బతికుండగా ఎవరైనా తన గురించి రెండు మంచి మాటలు మొదలుపెడితే "ఇగ సాలు తియ్, పొయ్యి మీద కూర మాడుతది" అని లేచిపోయిన మనిషి.

నల్లగొండలో రామగిరి వైపు పాత ఇళ్ల వరుస మాది. 1983లో, నేను ఒకటో తరగతిలో చేరిన ఏడు, మేమక్కడ కిరాయికి దిగాం. మా వెనక అర్ర గోడా, ఆమె పడుకునే అర్ర గోడా ఒకటే. పెంకుటిల్లు, ముందు చిన్న వాకిలి, వాకిట్లో జామచెట్టు, దాని నీడలో నులక మంచం. ఏదో హాస్టల్‌లో పిల్లలకు వంట చేసి మానేసింది. భర్త అప్పటికే పోయాడు. ఒక్కగానొక్క కొడుకు బొంబాయి పనికి పోయి అక్కడే ఉండిపోయాడు. క్రిస్మస్‌కు వచ్చేవాడు. కొన్నేళ్లు అదీ లేదు.

ఆమెను వెనక నుంచి పిలిస్తే మెడ తిప్పేది కాదు. మనిషి మొత్తం, పాదాలతో సహా, మెల్లగా ఇటు తిరిగేది. చిన్నప్పుడు మాకదొక ఆట. ఇటు పిలిచి అటు దాక్కునేవాళ్లం. పాపం, ఆమె గుండ్రంగా తిరుగుతూ "మీ పండ్లు రాలగొడ్త" అని తిట్టేది. ఆమె పండ్లయితే గారపట్టి గోధుమరంగులో ఉండేవి. మర్రిగూడ వైపు పుట్టి, అక్కడి బావి నీళ్లు తాగి పెరిగిన ఒళ్లు అది. ఫ్లోరైడు ముందు పండ్లకు, తర్వాత ఎముకలకు పడుతుంది. వెన్ను కర్రలా బిగుస్తుంది. మెడ పక్కకు తిరగదు, వెనక్కి వాలదు. లతీఫ్ సాబ్ గుట్ట మీద ఉర్సు దీపాలు పెట్టినప్పుడు మేమంతా వాకిట్లో నిలబడి తల ఎత్తి చూసేవాళ్లం. అవ్వ మాత్రం మంచం మీద వెల్లకిలా పడుకుని, "ఆ, గిప్పుడు కనపడుతున్నయ్" అనేది.

తెల్లవారుజామున నాలుగింటికి ఆమె ప్రార్థన మొదలయ్యేది. మనసులో చేసుకునే ప్రార్థన కాదు, ఎదురుగా కూర్చున్న మనిషితో మాట్లాడినట్టు గట్టిగా. గల్లీలో ఒక్కో ఇల్లూ వరసగా పట్టుకుని వచ్చేది. మూలమీది కిరాణా షాపాయన బీపీ, టైలరింటి చిన్నపిల్ల పెళ్లి, ఆ పక్కింటాయన తాగుడు. మా ఇంటి వంతు వచ్చేసరికి నేను దుప్పటి తీసి చెవులు రిక్కించేవాణ్ని. "ప్రభువా, ఈ పక్కింటి పిలగానికి లెక్కలు రావు, నీకు తెల్వంది కాదు. వాళ్ల నాయినకు కోపం ఎక్కువ. రేపు పరీక్ష ఉన్నదట, జర సూసుకో."

నానమ్మ పక్కలోంచే గొణిగేది. "మనింటి పరువంతా పొద్దుగాల్నే దేవుని ముంగట పెడ్తది ఈమె." కానీ నానమ్మ కూడా తన మోకాళ్ల నొప్పుల మాట వచ్చేదాకా నిద్రపోయేది కాదు. ఒకసారి అవ్వ ఆ సంగతి మరిచిపోతే పొద్దున టీ తాగుతూ మొహం మాడ్చుకుంది.

ఆదివారం వేరే మనిషిలా కనపడేది. కలరా ఉండల వాసన వేసే తెల్లచీర, గుడ్డ సంచిలో బైబిలూ కీర్తనల పుస్తకమూ, కొంగుకు ముడేసిన కానుక డబ్బులు. చదువు ఆమెకు యాభై దాటాక వచ్చింది. చర్చిలో స్త్రీల సమాజం వాళ్లు అక్షరాలు నేర్పారు. వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివేది. మెడ వంగదు కాబట్టి పుస్తకాన్నే కళ్ల ఎత్తుకు లేపి పట్టుకునేది. దూరం నుంచి చూస్తే అద్దంలో మొహం చూసుకుంటున్నట్టు ఉండేది.

"మా అవ్వకు అవ్వ రష్యా దొర చేతుల మీద బాప్తిస్మం తీసుకున్నది" అని చెప్పుకునేది. మా బాబాయి కమ్యూనిస్టు పార్టీ మనిషి. 1952లో రావి నారాయణరెడ్డిని నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లతో గెలిపించిన జిల్లా మాది, అట్లాంటి బాబాయిలు ఇంటికొకరు ఉండేవాళ్లు. "రష్యా నుంచి లెనిన్ పుస్తకాలొస్తయి గానీ బాప్తిస్మాలు ఎట్లొస్తయవ్వా?" అని ఆయన నవ్వేవాడు. అవ్వ ఊరుకునేది కాదు. "మీ లెనిన్ కంటె ముందుగాల్నే వచ్చిండు మా దొర." నేనూ చాలా ఏళ్లు అది ముసలామె గొప్పలే అనుకున్నాను. పెద్దయ్యాక చదివితే తెలిసింది. రష్యా నుంచి వచ్చిన అబ్రహాం ఫ్రీసెన్, మరియా అనే దంపతులు, మెన్నోనైట్ అనే క్రైస్తవ శాఖవాళ్లు, 1890లో అమెరికన్ బాప్టిస్టు మిషన్ తరఫున నల్లగొండలో పని మొదలుపెట్టారు. అవ్వ చెప్పిన వరస సరిగ్గానే ఉంది. ఈ మాట బాబాయికి చెప్పే సమయానికి ఆయన లేడు.

పిడికెడు బియ్యం సంగతి చెప్పాలి. పొయ్యి మీద ఎసరు పెట్టి బియ్యం కొలిచాక, అందులోంచి ఒక పిడికెడు తీసి రేకు డబ్బాలో వేసేది. నెలాఖరుకు ఆ డబ్బా చర్చికి పోయేది. తనకు జ్వరమొచ్చి జావ కాచుకున్న రోజు కూడా అంతే, కాకపోతే ఆ పిడికిలి చిన్నదయ్యేది. కోత పండుగకు ఇంటి గుమ్మడికాయ మోసుకుపోయింది ఒక ఏడు. కానుకలన్నీ వేలం వేస్తారు. ఈమె గుమ్మడికాయకు ఎవరూ పాట పెంచకపోయేసరికి రోషమొచ్చి, తన కాయను తానే పాడి, బజారు ధరకు మూడింతలు పెట్టి కొనుక్కొని వచ్చింది. ఆ కాయ పులుసు గల్లీ అంతా తిన్నాం. నానమ్మ తప్ప.

ఇక నీళ్లు.

ఆ రోజుల్లో మా గల్లీకి బోరింగే దిక్కు. ఆ నీళ్లతో పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు. తాగితే పిల్లల పండ్ల మీద సున్నపు చుక్కల్లాంటి మచ్చలు. అవ్వకు ఈ నీళ్లంటే పగ ఉండేది. పగ అనే రాయాలి, వేరే మాట సరిపోదు. వాళ్ల ఊళ్లో ఎప్పుడో ఆఫీసర్లు వచ్చి నీళ్లు బాగు చేసుకునే పద్ధతి చూపించారట. ఊళ్లో జనం రెండు నెలలు చేసి వదిలేశారు. ఈమె వదల్లేదు. కుళాయి బిగించిన బకెట్ ఒకటి నల్లగొండ దాకా మోసుకొచ్చుకుంది.

రాత్రి అన్నాలయ్యాక బకెట్ నిండా బోరింగు నీళ్లు పోసేది. డబ్బా మూతతో కొలిచి సున్నం కలిపేది. తర్వాత పటిక కరిగించిన నీళ్లు పోసి జామకట్టెతో మొదట గిరగిరా, ఆ తర్వాత నిమ్మళంగా తిప్పేది. ఎంతసేపు తిప్పాలో గడియారం చూసేది కాదు. ఒక కీర్తన మొదలుపెట్టి, అది అయిపోయేదాకా. కాసేపటికి నీళ్లలో దూది పింజల్లాంటి తెట్టె కట్టి మెల్లగా అడుగుకు దిగేది. బ్యాటరీ లైటు వేసి మాకు చూపించేది, "సూడు, ఇగో, గిదే మా ఊరోళ్ల నడుములు ఇరగ్గొట్టింది" అని. కుళాయి అడుగు నుంచి నాలుగు వేళ్ల ఎత్తులో ఉండేది, మడ్డి రాకుండా. ఆ మడ్డిని జామచెట్టుకు కూడా పోయనిచ్చేది కాదు, తీసుకుపోయి మోరీలో పారబోసేది.

ఈ పద్ధతికి మా ఊరి పేరే పెట్టారని నాకు తెలిసింది ఇంజనీరింగ్ పుస్తకంలో. నాగ్‌పూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ వాళ్లు 1970లలో తయారుచేసింది, నల్లగొండ టెక్నిక్ అంటారు. టాంజానియా, కెన్యా దాకా పోయింది. ఆ పేజీ ముందు పెట్టుకుని హాస్టల్ గదిలో చాలాసేపు కూర్చున్నాను. అందులో పటిక ఉంది, సున్నం ఉంది, మోతాదుల పట్టిక ఉంది. కీర్తన పాడేంతసేపు తిప్పాలని మాత్రం లేదు.

మేము దిగిన నెలకే అవ్వ గోడ మీద నుంచి అమ్మను పిలిచింది. "బిడ్డా, పిలగానికి పాలపండ్లు ఊడి కొత్తవి వచ్చే ఈడు. బోరింగు నీళ్లు తాపకు. రోజూ పొద్దుగాల నా దగ్గర పట్టుకపో." అమ్మ నానమ్మ వైపు చూసింది. నానమ్మ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత లేచి దేవుని గూట్లో ఉండే ఇత్తడి చెంబు కాదు, ఇంకో రాగి చెంబు తీసి, చింతపండుతో తోమి నా చేతికిచ్చింది. "దీంట్లనే పట్టుక రా. ఆమె గిన్నెల్లో గిన పట్టకు. చెంబు ఆమెకు తాకనీయకు."

అవ్వ ఇంట్లో నాకు మొదటిరోజు ఏమీ చెప్పాల్సిన పని పడలేదు. చెంబు చూసింది. కుళాయి కింద జగ్గు పెట్టి నింపింది. నన్ను మెట్టు కింద నిలబెట్టి, తాను మెట్టు మీద నిలబడి, జగ్గును భుజం ఎత్తుకు లేపి పోసింది. సన్నటి దారంలా వచ్చి చెంబు నడిమధ్యలో పడింది. జగ్గు అంచుకూ చెంబు అంచుకూ మధ్య మూరెడు జాగా. ఒక్క చుక్క బయట పడలేదు. నాకు సర్కస్ చూసినట్టు అనిపించి చప్పట్లు కొట్టబోతే, "చెంబు వదిలేవు, పట్టుకో కొడుకా" అంది.

రోజూ అంతే. మూడు నాలుగేళ్లు పొద్దున్నే ఆ ఆట చూశాను. అవ్వ నీళ్లు పోసే పద్ధతే అది అనుకున్నాను. ఒకరోజు టైలరింటి పిల్ల బిందెతో వచ్చింది. అవ్వ ఆ బిందెను తానే లాగి కుళాయికి ఆనించి నింపింది. నేను చూస్తూ నిలబడ్డాను. ఏదో తేడా ఉందని అర్థమైంది గానీ ఏమని అడగాలో తెలియలేదు.

1985 ఎండాకాలం. బడి నుంచి పరుగెత్తుకుంటూ వచ్చి, మా ఇల్లు తాళం వేసి ఉంటే అవ్వ వాకిట్లో పడ్డాను. ఆమె తన స్టీలు గ్లాసులో నీళ్లిచ్చింది. నేను గ్లాసు కరుచుకుని గటగటా తాగాను. సరిగ్గా అప్పుడే నానమ్మ బజారు నుంచి వచ్చింది. ఏమీ అనలేదు అక్కడ. చెయ్యి పట్టుకుని ఇంట్లోకి లాక్కుపోయి, బట్టలు విప్పించి, నెత్తిన నీళ్లు గుమ్మరించి, పసుపు నీళ్లు చల్లి, అప్పుడు మొదలుపెట్టింది. ఏమేం అందో నేనిక్కడ రాయలేను. ఆ మాటలు అప్పట్లో చాలా ఇళ్లలో వినపడేవే, ఇప్పుడు కొంచెం గొంతు తగ్గించి అంటారు, అంతే. తెల్లవారుజామున అవ్వ ప్రార్థన మాకు వినపడే గోడ అది. అటునుంచి ఇటు వినపడితే, ఇటునుంచి అటు కూడా వినపడుతుంది.

మర్నాడు పొద్దున ప్రార్థనలో మా ఇల్లు వచ్చింది. నానమ్మ మోకాళ్లు కూడా వచ్చాయి. నేను చెంబు పట్టుకుని పోయాను. ఎప్పట్లాగే ఎత్తి పోసింది. మధ్యాహ్నం ఆడుకుంటూ దాహమేసి వెళ్తే గ్లాసు తీయలేదు. "దోసిలి పట్టు కొడుకా" అంది. దోసిట్లోకి పైనుంచి పోసింది. నేను తాగాను. ఆ రోజు నుంచి నాకు ఆ ఇంట్లో గ్లాసు లేదు.

అవ్వ మా ఇంటికి చాలాసార్లు వచ్చేది. చెల్లెలు పుట్టినప్పుడు అమ్మకు పదకొండు రోజులు కాళ్లకు నూనె రాసింది. బతుకమ్మకు ఊరి బయట నుంచి తంగేడు పూలు కోసుకొచ్చి మా వాకిట్లో కుప్ప పోసేది. అందుకు చర్చిలో ఎవరో పెద్దమనిషి అభ్యంతరం చెబితే, "పూలు ఎవరు పుట్టించిండ్రయ్యా?" అని అడిగి వచ్చిందట. వచ్చినప్పుడల్లా అమ్మ టీ ఇస్తానంటే "ఇప్పుడే తాగిన బిడ్డా" అనేది. మంచినీళ్లంటే "దూప లేదు". మే నెలలో, చెమట కారుతున్నా, దూప లేదు. ఈ మనిషికి దాహమే వేయదని నేను నిజంగా నమ్మాను.

మంచం మీద కూర్చుని ఆమె చెప్పే కథల్లో ఎక్కువ సాగర్ డ్యామువే. పెళ్లయిన కొత్తలో మొగుడితో కలిసి నాగార్జునసాగర్ పనికి పోయింది. 1955 డిసెంబర్ 10న నెహ్రూ పునాదిరాయి వేసిన రోజు ఆమె అక్కడ లేదు. 1967 ఆగస్టులో ఇందిరమ్మ కాలువలకు నీళ్లు వదిలిన రోజు ఉంది. మధ్యలో పదేళ్లు రాళ్లు, తట్టలు. ప్రపంచంలోనే పెద్ద రాతికట్టడపు డ్యామని మనం గొప్పగా చెప్పుకుంటాం కదా, ఆ రాతికట్టడం మనుషుల నెత్తుల మీదే లేచింది. నడినెత్తిన చుట్టకుదురు పెట్టిన చోట ఆమెకు వెంట్రుకలు పలచగా ఉండేవి, వేలితో చూపించేది. ఆ నీళ్లు ఎడమ కాలువలో మిర్యాలగూడ, హుజూర్‌నగర్ పొలాలకు పోయాయి. మర్రిగూడ, మునుగోడు మెరక. అక్కడికి ఎక్కలేదు. "మా ఊరికి రాళ్లు మోసిన పుణ్యం వచ్చింది, నీళ్లు రాలే" అని నవ్వేది. ఆ నవ్వులో పండ్లు కనపడకుండా కొంగు అడ్డం పెట్టుకునేది.

1996 పార్లమెంటు ఎన్నికల సంగతి నల్లగొండవాళ్లకు చెప్పక్కర్లేదు. ఫ్లోరైడు గోడు ఢిల్లీకి వినపడాలని జలసాధన సమితి పిలుపునిస్తే జనం నామినేషన్లు వేస్తూనే పోయారు. చివరికి 480 మంది అభ్యర్థులు. ఓటు కాగితం కాగితంలా కాదు, పుస్తకంలా వచ్చింది. అవ్వ దాన్ని తన అలవాటు ప్రకారం కళ్ల ఎత్తుకు లేపి, వేలు పెట్టి ఒక్కో పేరూ చదవడం మొదలుపెట్టింది. వెనక లైన్లో జనం గోల. లోపల ఆఫీసరుకు టెన్షన్. "అమ్మా, తొందరగా" అంటే, "నీళ్ల ముచ్చట అయ్యా, తొందరవడితే ఎట్ల?" అందట. బయటికొచ్చి "నా బైబిలే సన్నగున్నది దానికంటె" అంది. ఆ ఎన్నికలో సీపీఐ తరఫున బొమ్మగాని ధర్మభిక్షం గెలిచారు. ఆ తర్వాత నామినేషన్ డిపాజిట్టు 500 నుంచి 10,000కు పెంచారు. అవ్వ ఎవరికి వేసిందో ఎంత అడిగినా చెప్పలేదు.

నానమ్మ 1999లో పోయింది. చివరి రెండు రోజులు గొంతు దిగేది తులసి తీర్థం ఒక్కటే. అమ్మ చెంచాతో పోసింది. మా ఇంట్లో తాగే నీళ్లు పదహారేళ్లుగా ఒక్కచోటి నుంచే వస్తున్నాయి. ఆ తీర్థంలోవీ అవే. అమ్మకు తెలుసు, నాకు తెలుసు, నానమ్మకు కూడా తెలిసే ఉంటుంది. అవ్వ వచ్చి గేటు బయట అరుగు మీద కూర్చుంది. ఎవరూ లోపలికి రమ్మనలేదు. అంటే, రావద్దని కూడా ఎవరూ అనలేదు, రమ్మనాలని ఎవరికీ తోచలేదు. పాడె లేచాక ఆమె నిలబడి, మనిషి మొత్తం అటు తిరిగి, గల్లీ మలుపు దాకా చూసింది.

తర్వాత నేను హైదరాబాద్‌లో ఉద్యోగంలో పడ్డాను. సాగర్ వెనక నీళ్లను పుట్టంగండి దగ్గర ఎత్తిపోసి అక్కంపల్లి రిజర్వాయరుకు తెచ్చాక, 2004 నుంచి హైదరాబాద్‌కు కృష్ణా నీళ్లు మొదలయ్యాయి. మా ఊరి పానగల్లు ఉదయ సముద్రానికీ ఆ నీళ్లే వచ్చాయి. మా గల్లీలో నల్లా వచ్చిన రోజు నేను ఊళ్లోనే ఉన్నాను. అవ్వ దోసిట్లో పట్టి వాసన చూసింది. నాలుక మీద వేసుకుని కాసేపు ఉంచుకుంది. "సాగర్‌వేనా ఇవి?" అని రెండుసార్లు అడిగింది. "అవునవ్వా." "అయితె నా కూలి ఇప్పుడు ముట్టింది." అయినా ఇంకో రెండేళ్లు బకెట్ మానలేదు. నల్లా మనుషులను నమ్మొచ్చు గానీ పైపులను నమ్మరాదని ఆమె లెక్క.

వయసు మీద పడ్డాక ఆమెలో చాదస్తం పెరిగింది. అది కూడా చెప్పాలి. చర్చిలో కీబోర్డు, డ్రమ్ములు వచ్చాక "ఇది ఆరాధనా, బరాతా?" అని పాస్టరయ్యతోనే కొట్లాడింది. "ప్రైజ్ ద లార్డ్" అంటే జవాబిచ్చేది కాదు, "వందనాలు" అంటేనే పలికేది. మా చెల్లెలు జీన్స్ వేసుకొచ్చినప్పుడు రెండు నెలలు మాట్లాడలేదు. ప్రార్థనలో మాత్రం ఆ రెండు నెలలూ చెల్లెలి వంతు అందరికంటే పొడుగ్గా ఉండేదని అమ్మ చెప్పింది.

2017 డిసెంబర్ 31 రాత్రి ఆరాధనకు ఆటోలో తీసుకెళ్లారు. కొత్త ఏటికి బైబిలు వచనం రాసిచ్చే వాగ్దాన కార్డు తీసుకుంది. జనవరి రెండో వారంలో మంచం పట్టింది. ఆదివారం నేను వెళ్లాను. అమ్మ జావ కాచి మా స్టీలు గ్లాసులో పోసి తీసుకొచ్చింది, నాన్న పేరు చెక్కించిన గ్లాసు. అవ్వ దాన్ని పట్టుకుని, చెక్కిన అక్షరాల మీద వేలు పెట్టి, కూడబలుక్కుని మా నాన్న పేరు చదివింది.

"ఇది మీ గ్లాసు గదా."

"అవునవ్వా, తాగు."

గ్లాసు పైకి లేపింది. ఎత్తి పోసుకుందామని చూసింది. మెడ వెనక్కి వాలలేదు. వాలదు. జావ గదవ మీద పడి మెడ కిందికి కారింది. అమ్మ కొంగుతో తుడిచింది. ఇంకోసారి లేపింది. మళ్లీ అంతే. అప్పుడు అమ్మ గ్లాసును ఆమె చేతిలోంచి తీసుకుని, పెదవులకు ఆనించి, "కరిచి తాగవ్వా, కరిచి తాగు" అంది. అమ్మ గొంతు మారింది. అవ్వ తాగింది. సగం తాగి ఆగి, అమ్మను చూసి, మిగతా సగం కూడా తాగింది.

నేను అక్కడ నిలబడి లెక్క వేసుకుంటున్నాను. లెక్కలు రావని ఆమె దేవునికి చెప్పిన పిలగాణ్నే. 1983 నుంచి ఎన్ని ఎండాకాలాలు మా ఇంట్లో కూర్చుని దూప లేదంది. మా గ్లాసు కరిచి తాగితే నానమ్మకు పడదు. ఎత్తి తాగుదామంటే మెడ వాలదు. అందుకని దూప లేదు.

నాలుగు రోజులకు పోయింది. భూస్థాపనకు గల్లీ అంతా నడిచింది. జ్ఞాపకార్థ కూటంలో పాస్టరయ్య నన్ను కూడా రెండు మాటలు మాట్లాడమన్నారు. మైకు ముందు నిలబడి నీళ్ల గురించి చెప్పాను, ప్రార్థన గురించి చెప్పాను. గుమ్మడికాయ వేలం చెబితే అందరూ నవ్వారు. బాగా మాట్లాడావని కొడుకు వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. చెంబు సంగతి చెప్పలేదు. దోసిలి సంగతి చెప్పలేదు. ఈ పోస్టు అందుకే రాస్తున్నాను, ఆ మైకులో మిగిలిపోయింది ఇక్కడ ఉండనీ అని.

ఇల్లు ఖాళీ చేసేటప్పుడు కొడుకు సామానంతా పంచేశాడు. మంచం టైలరింటికి, బైబిలు మనవరాలికి. అటక మీద పాత ఆముదం డబ్బాలో సగం సున్నం మిగిలి ఉంది. ఏడాదికోసారి సున్నం కొని, కొంత నీళ్లకు ఉంచుకుని, మిగతాది ఈస్టర్ ముందు భర్త సమాధికి వేసేది అవ్వ. "ఇదేం చేసుకుంటం, పారేస్త" అన్నాడు. నేను తీసుకున్నాను.

ఆ ఏడు ఈస్టర్ ఏప్రిల్ 1న వచ్చింది. ముందురోజు శనివారం సాయంత్రం సమాధుల తోటకు పోయాను. నాలాంటివాళ్లు చాలామంది ఉన్నారు. గడ్డి పీకేవాళ్లు, పేర్లకు నల్లరంగు దిద్దేవాళ్లు, పిల్లలతో బకెట్లు మోయించేవాళ్లు. మర్నాడు చీకటితో కొవ్వొత్తులు పట్టుకుని వస్తారు కాబట్టి అప్పటికి అన్నీ తెల్లగా ఉండాలి. అవ్వది ఇంకా మట్టికుప్పే, సిమెంటు పడలేదు. పక్కన ఆమె భర్తది. ముందు దానికి వేశాను. తర్వాత అవ్వ మట్టి చుట్టూ పేర్చిన రాళ్లకు ఒక్కోదానికి. కుంచె తీసుకుపోలేదు, గుడ్డ ముక్కతోనే. మోచేతుల దాకా సున్నమైంది.

పక్క సమాధి దగ్గర ఒక పెద్దావిడ పని ముగించుకుని నన్నే చూస్తోంది. నా నుదుట కుంకుమ కూడా చూసే ఉంటుంది. "ఏమైతది నీకు?" అని అడిగింది.

"పక్కింటామె."

"చేతులు మంటవెడ్తయి, ఇటు రా." బిందెలోంచి జగ్గుతో నీళ్లు తీసి, ఎత్తి పోసింది. నేను రుద్ది కడుక్కున్నాను. గోళ్ల సందుల్లోది పోలేదు. తర్వాత సంచిలోంచి స్టీలు గ్లాసు తీసి, అదే జగ్గుతో నింపి ఇచ్చింది.

అలవాటుగా గ్లాసు పైకి లేపాను. దించి, కరుచుకుని తాగాను.